ఇట్జాల బావి ఒడ్డున

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పంలో ఉన్న, మాయా ప్రజల ప్రాచీన నగరం చిచెన్ ఇట్జాకు వెళ్ళినవారి చూపు ముందుగా కుకుల్కాన్ పిరమిడ్ మీదే పడుతుంది. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన గుడి మెట్టుతో కలిపి 365. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో సాయంత్రపు ఎండ ఉత్తరపు మెట్ల పక్కగోడపై త్రికోణాలుగా పడి, అడుగున చెక్కిన సర్పశిరస్సు దాకా పాములా పాకుతుంది. అయితే ఊరి పేరు ఈ కట్టడాన్ని బట్టి వచ్చింది కాదు. మాయా భాషలో దానికి 'ఇట్జాల బావి ఒడ్డు' అని అర్థం; ఇట్జాలు అక్కడి మాయా తెగ. చూడవలసిన వరుస కూడా అదేనని నా అభిప్రాయం: ముందు బావి, తరువాతే పిరమిడ్.

ఉత్తర యుకటాన్‌లో నేల మీద పారే నదులు లేవు. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, సున్నపురాతిని కరిగించుకుంటూ లోపలికి దిగి గుహలను తొలుస్తుంది; మన బొర్రా, బెలూం గుహలను తొలిచిందీ ఇలాంటి నీరే. గుహ పైకప్పు కూలిన చోట భూగర్భజలం బయటపడుతుంది. దానినే అక్కడ సెనోటే అంటారు. 6.6 కోట్ల ఏళ్ళ క్రితం గ్రహశకలం ఢీకొనగా ఏర్పడిన చిక్షులూబ్ బిలం అంచు వెంట ఇవి వలయంలా కనిపిస్తాయి. చిచెన్ ఇట్జా మాత్రం ఆ వలయానికి వెలుపలే ఉంది.

పిరమిడ్ నుంచి ఉత్తరంగా మాయాలు పరచిన రాతి బాట పట్టుకొని నడిస్తే పవిత్ర సెనోటే వస్తుంది. సుమారు 60 మీటర్ల వెడల్పు, నిట్టనిలువు గోడలు, దాదాపు 20 మీటర్ల దిగువన పచ్చటి నీరు. ఊరివారు తాగడానికి వేరే సెనోటే ఉండేది. ఇది వాన దేవుడు చాక్‌ది. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో అమెరికన్ పురావస్తు పరిశోధకుడు ఎడ్వర్డ్ థాంప్సన్ దీని పూడిక తీయించినప్పుడు జేడ్ రాళ్ళు, బంగారు బిళ్ళలు, సాంబ్రాణి వంటి కోపాల్ ముద్దలు, మనుషుల ఎముకలు దొరికాయి. యుకటాన్‌లో బంగారం పుట్టదు. దక్షిణాన ఎంతో దూరం నుంచి తెచ్చుకున్న సొత్తును కూడా వాన కోసం నీటిలో వదిలేశారన్నమాట.

ఇక పిరమిడ్ సంగతి. 2015లో మెక్సికో శాస్త్రవేత్తలు నేలలోకి విద్యుత్తును పంపి, దాని నిరోధాన్ని కొలిచి చూస్తే, కట్టడం అడుగున నీటితో నిండిన గుంట ఒకటి ఉన్నట్లు తేలింది.