పోలీస్ వెరిఫికేషన్ పత్రం ఉంటే చాలా?

బెంగళూరులో బడులకు, డేకేర్లకు, ఇళ్లలో వృద్ధులను చూసుకునే మనుషులను పంపే ఏజెన్సీలకు సిబ్బంది పూర్వాపరాలు ఆరా తీసి పెట్టడం నా పని. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాల్లో నేను తరచూ వినే మాటలివి.

అపోహ: వెరిఫికేషన్ పత్రం ఉందంటే మనిషి మంచివాడే.

వాస్తవం: పోలీసులు వెతికిన రికార్డుల్లో కేసు కనిపించలేదని మాత్రమే ఆ పత్రం చెబుతుంది. అసలు ఫిర్యాదే చేయకపోతే కేసు ఎక్కడిది? బడి పరువు పోతుందని రాజీనామా రాయించుకుని పంపేసిన మనిషి, మరో బడిలో మచ్చలేని పత్రంతో చేరతాడు. అందుకే పాత యజమానికి నేనే ఫోను చేస్తాను. దరఖాస్తులో ఇచ్చిన నంబరుకు కాదు, ఆ సంస్థ నంబరు విడిగా వెతికి చేస్తాను. ‘ఎలాంటివాడు?’ అంటే దాదాపు అందరూ ‘మంచివాడే’ అంటారు. ‘మళ్లీ పనిలోకి తీసుకుంటారా?’ అని అడిగినప్పుడు కొందరు తడబడతారు. అక్కడ ఫోను పెట్టేయకూడదు. ఉద్యోగాల మధ్య ఖాళీ నెలల గురించీ అడుగుతాను. ఖాళీ ఉండటం తప్పు కాదు. కాన్పు కావచ్చు, తల్లి జబ్బు కావచ్చు. చెప్పింది సరిపోలితే చాలు.

అపోహ: మన ఊరివాడే, ఇంకేం చూడాలి?

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే మాట ఇదే. పరాయి ఊళ్లో తెలుగు వినగానే నా మనసూ మెత్తబడుతుంది. కానీ పిల్లలపై అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బిడ్డకు తెలిసినవారేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి.

అపోహ: డ్రైవరు, ఆయా కాంట్రాక్టు మనుషులు, బాధ్యత ఏజెన్సీదే.

వాస్తవం: కాదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం బడి, డేకేర్, క్రీడా అకాడమీ ఏదైనా సరే, పిల్లలతో మెలిగే ప్రతి ఉద్యోగికీ, కాంట్రాక్టు వారితో సహా, పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. చేర్చుకునేటప్పుడు ఒకసారి చేయించి వదిలేయకూడదు, ఎప్పటికప్పుడు మళ్లీ చేయించాలి.

అపోహ: అమ్మానాన్నలను చూసుకునేది ఆడమనిషే కదా, ఆధార్ నకలు చాలు.

వాస్తవం: ఆధార్ ఆమె ఎవరో చెబుతుంది, ఎలాంటిదో చెప్పదు. మతిమరుపు ముదిరిన పెద్దాయన తనకు మాత్రలు వేయలేదని గాని, చేయి చేసుకున్నారని గాని చెప్పలేడు. వేళ చెప్పకుండా వెళ్లి చూడండి. ఏటీఎం కార్డు ఆమె చేతికి ఇవ్వకండి. వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

అపోహ: ముందు లోపల విచారించి, రుజువైతేనే పోలీసులకు చెప్పాలి.

వాస్తవం: రుజువు చేయడం మన పని కాదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సో చట్టం 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవారి విషయంలో దాచిపెడితే ఏడాది వరకు. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఈ రోజు మీరిచ్చిన ఫిర్యాదే రేపు ఇంకో బడి అడిగినప్పుడు రికార్డులో కనిపిస్తుంది.