మిషను కుట్టు వదిలేస్తోందా, ముందు సూది చూడండి

అమ్ములూ, చంటీ, సెలవుల్లో మీతో పాటు మిషను నేర్చుకుంటున్న మిగతా పిల్లలూ,

మొన్న ఫోన్లో అమ్ములు అంది కదా, తాతయ్యా మిషను నాలుగు కుట్లు వేసి ఐదోది వదిలేస్తోంది, నూనె పోశా, దారం టెన్షన్ తిప్పా, కింది దారం బాబిన్ మార్చా, అయినా అంతే అని. ఫోన్లో చెప్దామంటే సగంలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. అన్నీ చేశావు గానీ సూది మార్చావా తల్లీ? మార్చి ఉండవు. ఎవరూ మార్చరు. నేను ముప్పై ఏళ్ళు సైకిల్ మీద ఊళ్ళు తిరిగి మిషన్లు బాగుచేశాను, ఎవరింటికెళ్ళినా మోటరు గురించి చెప్తారు, బెల్టు గురించి చెప్తారు, చివరికి పక్కింటివాళ్ళు ఏదో చేశారని కూడా చెప్తారు గానీ సూది ఎప్పుడు మార్చారమ్మా అంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు, ఇంకా విరగలేదు కదండీ అంటారు.

సరే, సూది సంగతి తెలియాలంటే ముందు కుట్టు ఎలా పడుతుందో కళ్ళారా చూడాలి. మోటరు ఉంటే ప్లగ్ పీకేయండి. ఫుట్ కింద చిన్న గుడ్డముక్క పెట్టండి. ఎడమవైపు జరిపే రేకు ఉంటుంది కదా బాబిన్ తీయడానికి, అది తీసి, టార్చి వేసుకుని, చక్రం చేత్తో మీ వైపుకి మెల్లగా తిప్పండి, మెల్లగా అంటే నిజంగా మెల్లగా. సూది గుడ్డలోంచి కిందికి దిగుతుంది, అడుగుదాకా పోతుంది, అక్కడ ఏమీ జరగదు. తర్వాత మళ్ళీ పైకి లేవడం మొదలుపెడుతుంది చూడండి, ఓ రెండు రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి బెజ్జం పక్కన దారం చిన్న ఉచ్చులాగా ఉబ్బుతుంది. ఆవగింజ దూరేంత ఉంటుందేమో అంతే. సరిగ్గా ఆ టైముకి షటిల్ మొన, అంటే బాబిన్ చుట్టూ తిరిగే కొక్కెం కొస, వచ్చి ఆ ఉచ్చులో దూరి, దాన్ని పెద్దది చేసి బాబిన్ కేసు చుట్టూ తిప్పేస్తుంది, కింది దారం అందులో చిక్కుకుంటుంది, పైన దారాన్ని పట్టుకుని ఎక్కీ దిగే లివరు లాగి బిగిస్తుంది. అదీ ఒక కుట్టు. ఆ ఉచ్చు రాకపోయినా, చిన్నదిగా వచ్చినా, పక్కకి ఒరిగినా, షటిల్ మొన ఖాళీగా పోతుంది, నువ్వు అన్న ఐదో కుట్టు అదే.

మరి ఉచ్చు ఎందుకు ఉబ్బుతోంది? ఇది నాకు చాలా ఏళ్ళు తెలీదు, మెకానిక్ అయ్యాక కూడా తెలీదు. ఒక కొత్త సూది తీసుకుని వెలుతురులో పెట్టి గోరుతో నెమ్మదిగా తడమండి. పైన లావుగా ఉండే కాడకి ఒకవైపు బల్లపరుపుగా ఉంటుంది కదా, దానికి ఎదురువైపు కింద బెజ్జం దాకా పొడుగ్గా ఒక గాడి ఉంటుంది. సూది గుడ్డలోకి దిగేటప్పుడు దారం ఆ గాడిలో పడుకుని దిగుతుంది, గుడ్డ దానికి ఒరుసుకోదు. రెండోవైపు అంత గాడి లేదు. అందుకని సూది పైకి లేచేటప్పుడు గాడిలో ఉన్న దారం సూదితో పాటు హాయిగా లేస్తుంది, రెండోవైపు దారాన్ని గుడ్డ పట్టుకుని ఆపేస్తుంది. పోవడానికి దారి లేక అది బయటికి ఉబ్బుతుంది. చూశారా, ఒకవైపు జారాలి, ఇంకోవైపు ఆగాలి, రెండూ ఒకే సూదికి కావాలి. దీన్ని ఆలోచించినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అదే రెండోవైపు బెజ్జానికి కాస్త పైన సూదిని కొంచెం చెక్కేసినట్టు గుంట కనపడుతుంది, అది షటిల్ మొన కోసం చేసిన సందు. షటిల్ మొనకీ సూదికీ మధ్య ఉండాల్సిన ఎడం 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు, మీ నోటుబుక్కు కాగితం మందం కూడా ఇంచుమించు 0.1 ఉంటుంది, అంటే కాగితం దూరీ దూరనంత. ఎక్కువైతే ఉచ్చు అందదు, తక్కువైతే మొన సూదికి కొట్టుకుంటుంది. గుంట ఉంది కాబట్టే షటిల్ అంత దగ్గరగా రాగలుగుతుంది. ఇప్పుడు ఆలోచించండి, సూది బిగించేటప్పుడు పైదాకా తోయకుండా ఒక మిల్లీమీటరు కిందకే వదిలేసి స్క్రూ తిప్పేస్తే ఏమవుతుంది? ఉచ్చు పుట్టే చోటు మారిపోయింది, గుంట ఉండే చోటు మారిపోయింది, పాపం షటిల్ మాత్రం పాత టైముకి పాత చోటికే వస్తుంది.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి, నవ్వకండి. కొత్తగా పని నేర్చుకున్న రోజుల్లో ఒకావిడ మిషను బాగుచేయడానికి వెళ్ళాను, సేమ్ ఇదే జబ్బు, కుట్లు వదిలేయడం. నేనేమో పెద్ద మెకానిక్కుని కదా, షటిల్ విప్పాను, అది తిరిగే రేసుని ఒక రవ్వ సూది వైపు జరిపాను, నీడిల్ బార్, అంటే సూదిని పట్టుకునే కడ్డీ, కొంచెం దించాను, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కుస్తీ పట్టి మొత్తానికి కుట్టించాను, పాపం ఆవిడ మంచి కాఫీ ఇచ్చి డబ్బులు కూడా ఇచ్చింది. వారం తిరక్కుండా కబురొచ్చింది, సూది విరిగితే కొత్తది పెట్టాను, పెట్టగానే టక్కున అదీ విరిగింది, ఇంకోటి పెట్టాను, అదీ విరిగింది అని. నాకు చెమటలు పట్టాయి. మా గురువుగారిని తీసుకెళ్ళాను. ఆయన మిషను ముట్టుకోలేదు, ముందు విరిగిన మొదటి సూది ముక్కలు అడిగారు, అదృష్టం బాగుండి ఆవిడ డబ్బాలో దాచింది, పై ముక్కని అద్దం మీద పెట్టి వేలితో దొర్లించారు. దొర్లుతుంటే చివర పైకీ కిందకీ ఊగుతోంది. ఎప్పుడో వంగిన సూది అది, కంటికి తెలియనంత వంకర, షటిల్ నుంచి పక్కకి ఒరిగి ఉంది. నేను ఆ వంకర సూదికి మిషన్ని సరిపెట్టాను! వంకర సూది పోయి తిన్నటి సూది రాగానే షటిల్ దాన్ని నేరుగా కొడుతోంది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అది నేనే. మళ్ళీ అంతా వెనక్కి సర్దడానికి ఇంకో పూట పట్టింది, తీసుకున్న డబ్బులు తిరిగిచ్చేశాను, ఈసారి కాఫీ కూడా రాలేదు.

ఆ రోజు నాకు బుర్రకెక్కింది ఏంటంటే మిషను మారదు, మారేది సూది ఒక్కటే. ఫ్యాక్టరీలో మిషన్ని ఒక కొలత సూదికి సెట్ చేసి పంపిస్తారు, తర్వాత దాని జీవితకాలంలో వందల సూదులు మారతాయి, ప్రతి సూదీ ముందు సూదిలాగే ఉంటేనే కుట్టు అదే కుట్టు. అందుకే సూది చేసేవాళ్ళు మిల్లీమీటరులో వందో వంతు దగ్గర కొట్టుకుంటారు. ఉక్కు తీగ కోసి, చల్లగా ఉండగానే చుట్టూ సుత్తుల్లాంటివాటితో కొట్టి సన్నగా సాగదీస్తారు, గాడి తీస్తారు, బెజ్జం పొడుస్తారు, కాల్చి గట్టిపరుస్తారు, తిన్నగా చేస్తారు, మొన సానపెడతారు, నునుపు చేసి పూత వేస్తారు. జర్మనీలో గ్రోజ్ బెకర్ట్ అనే కంపెనీ 1852 నాటిది, వాళ్ళకి మన చండీగఢ్‌లో కూడా ఫ్యాక్టరీ ఉంది. జపాన్ వాళ్ళ ఆర్గన్ సూదులు మీరు షాపులో చూసే ఉంటారు.

బెజ్జం లోపల నునుపు ఎందుకంత ముఖ్యమో చెప్తా. లివరు ఒక్కో కుట్టుకి చాలా దారం కిందికి వదిలి మళ్ళీ వెనక్కి లాగుతుంది, అందులో గుడ్డలో ఉండిపోయేది కొన్ని మిల్లీమీటర్లే. అంటే ఒకే దారం ముక్క కుట్టులో కూర్చునేలోపు బెజ్జంలోంచి పదుల సార్లు ముందుకీ వెనక్కీ రాసుకుంటుంది. బెజ్జం అంచు గరుకుగా ఉంటే దారం పీచులేచి తెగుతుంది, మీరు దారం మంచిది కాదని షాపువాడిని తిడతారు. దారానికి బెజ్జం సరిపోతుందో లేదో చూడ్డానికి సులువు ఉంది: ఒక అడుగు దారం తెంపి సూదికి ఎక్కించండి, దారాన్ని రెండు చేతుల మధ్య ఏటవాలుగా లాగి పట్టుకోండి, సూది దానంతటదే జారి కిందికి వచ్చేయాలి. ఆగిపోతే బెజ్జం చిన్నది, పై నంబరు సూది వాడాలి.

నంబర్ల సంగతి చంటిగాడికి నచ్చుతుంది, లెక్కలు కాబట్టి. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటుంది. 90 అంటే సూది లావు 0.90 మిల్లీమీటరు, 14 అనేది పాత సింగర్ నంబరు, మన టైలర్లు అదే అంటారు. 75/11 సన్నది, 100/16 లావుది. లావుగా ఉంటే వంగదు, అంతవరకు అందరికీ తెలుసు, ఎంత వంగదు అన్నదే తమాషా. సూది గట్టితనం లావుతో పాటు మామూలుగా పెరగదురా, నాలుగో పవర్‌లో పెరుగుతుంది. 16 నంబరు లావు 1ని 11 నంబరు లావు 0.75తో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు వేసి గుణించు, 3 దాటుతుంది. పావు మిల్లీమీటరు తేడాకే మూడు రెట్లు! అందుకే జీన్స్ ప్యాంటు అంచు మడత మీద 11 నంబరు సూది వంగిపోయి కుట్టు వదిలేస్తుంది, 16 వేస్తే ఏమీ జరగనట్టు పోతుంది. అలాగని పట్టు జాకెట్టుకి 16 వేస్తే కుట్టు పొడుగునా బెజ్జాలు కనిపిస్తాయి. అటు గట్టిగా ఉండాలి ఇటు సన్నగా ఉండాలి, అందుకే కొన్ని సూదులకి పైభాగం లావుగా చేసి కింద మాత్రం సన్నబరుస్తారు.

మొన కూడా అన్నిటికీ ఒకటి కాదు. బనియను, టీషర్టు గుడ్డ నేసింది కాదు, అల్లింది, అంటే అంతా ఉచ్చుల గొలుసు. వాడి మొన ఒక ఉచ్చుని తెంపితే ఇవాళ కనపడదు, రెండు ఉతుకులయ్యాక చిల్లు పడుతుంది. దానికి బాల్ పాయింట్ అని మొన గుండ్రంగా ఉన్న సూది దొరుకుతుంది, అది పోగుని పక్కకి నెట్టి దూరుతుంది. సాగే గుడ్డకైతే స్ట్రెచ్ సూది అని అడగండి, ఎందుకంటే ఆ గుడ్డ సూదితో పాటు కిందకీ పైకీ ఊగుతుంది, దారాన్ని పట్టి ఆపదు, ఉచ్చు ఉబ్బదు. అమ్ములూ, నువ్వు కుట్టేది ఏం గుడ్డో నాకు చెప్పలేదు, లెగ్గింగ్ గుడ్డ అయితే మాత్రం నీ జబ్బు ఇదే అయ్యుండొచ్చు.

మనం కాలితో తొక్కే మిషను ఎంత తొక్కినా నిమిషానికి వెయ్యి కుట్ల లోపే. గార్మెంట్ ఫ్యాక్టరీలో, అచ్యుతాపురం లాంటి చోట్ల వరసగా ఉంటాయే, ఆ మిషన్లు నాలుగైదు వేల కుట్లు వేయగలవు. 5000 అంటే సెకనుకి 83 ఉచ్చులు, 83సార్లు అందుకోవాలి, తలుచుకుంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఆ వేగానికి మందం గుడ్డల్లో సూది 250 డిగ్రీలు కూడా దాటేంత వేడెక్కుతుంది, పాలిస్టర్ ఇంచుమించు ఆ దగ్గర్లోనే కరిగిపోతుంది, కరిగినది బెజ్జంలో అంటుకుంటుంది. అందుకని బంగారు రంగులో మెరిసే టైటానియం పూత సూదులు, బెజ్జం దగ్గర కాస్త లావుచేసి మిగతా ఒళ్ళు గుడ్డకి ఎక్కువ రాసుకోకుండా చేసిన సూదులు వచ్చాయి. ఆ పెద్ద మిషన్ల సూది మన మిషనుకి వాడకండి, అది గుండ్రం కాడది, పైగా పొడుగు కూడా వేరు. ప్యాకెట్ మీద సూది రకం రాసి ఉంటుంది, మనకి కావలసింది హెచ్ఎ ఇంటు 1 (HAx1), వాళ్ళది డిబి ఇంటు 1 (DBx1), షాపువాడు పరధ్యానంలో ఏదిస్తాడో చూసుకోవాలి.

అన్నట్టు మొన దగ్గర బెజ్జం పెట్టాలన్న ఆలోచన చేతిసూదితో పెరిగినవాడికి రావడం కష్టం కదా, మనకి బెజ్జం అంటే సూది వెనకే. అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన 1830ల్లోనే అలాంటి సూదితో మిషను చేసి పేటెంటు తీసుకోకుండా వదిలేశాడు, మీ అమ్మ చీరకి పెట్టుకునే పిన్నీసుకి 1849లో పేటెంటు తీసుకున్నది ఆ మహానుభావుడే. కుట్టుమిషను పేటెంటు 1846లో ఎలియాస్ హోవ్‌కి పోయింది. ఆయన సూది వంకరగా, అడ్డంగా ఊగేది. ఇప్పుడు మనం చూసే నిటారు సూది 1851లో సింగర్ మిషనుతో బాగా పాకింది. హోవ్‌కి కలలో ఈటెలకి బెజ్జాలు కనిపించాయని ఒక కథ చెప్తారు, వినడానికి బాగుంటుంది గానీ నేనైతే నమ్మను.

ఇవాళ పోస్టులో ఒక పొట్లం పంపాను. 11 ఒక ప్యాకెట్, 14 రెండు, 16 ఒకటి, బాల్ పాయింట్ 14 ఒకటి. చక్రం తిప్పి నీడిల్ బార్ పైకి తెచ్చి, పాత సూది తీసి, బల్లపరుపు పాత సూదికి ఎటు ఉందో చూసుకుని, అదే వైపు పెట్టి, తగిలేదాకా పైకి తోసి, అలాగే పట్టుకుని స్క్రూ బిగించండి. దారం పొడుగు గాడి ఉన్నవైపు నుంచే ఎక్కించాలి. ఎనిమిది పది గంటలు కుట్టాక సూది మార్చేయండి, విరిగేదాకా ఆగొద్దు. విరిగితే మాత్రం ముక్కలన్నీ దొరికేదాకా మిషను ముందునుంచి లేవకండి, చిన్నపాప పాకుతోంది ఇంట్లో. తీసిన పాత సూదులు పారేయకుండా అగ్గిపెట్టెలో వేసి ఉంచండి, పండక్కి వచ్చినప్పుడు అద్దం మీద దొర్లించి చూద్దాం, ఎన్ని వంకరగా ఉన్నాయో.

ఉంటాను,
మీ తాతయ్య