శాన్ సీరో: ఐదు రోజుల తేడాతో

2025 సెప్టెంబర్ 29న మొదలైన ఇటలీలోని మిలాన్ నగర కౌన్సిల్ సమావేశం మర్నాడు తెల్లవారుజామున గానీ ముగియలేదు. శాన్ సీరో ఫుట్‌బాల్ స్టేడియాన్నీ, చుట్టూ ఉన్న స్థలాన్నీ 19.7 కోట్ల యూరోలకు అమ్మాలా వద్దా అన్నది తేలాల్సిన విషయం. 24 మంది అమ్మేద్దామన్నారు, 20 మంది వద్దన్నారు. కొనేవాళ్లు కొత్తవాళ్లేం కాదు. దశాబ్దాలుగా అందులోనే అద్దెకు ఆడుతున్న ఏసీ మిలాన్, ఇంటర్ క్లబ్బులే. నవంబర్ 5న సంతకాలు అయిపోయాయి.

ఇంకో ఐదు రోజులు గడిస్తే కథ మారిపోయేది. నవంబర్ 10తో ఆ స్టేడియం రెండో అంతస్తు గ్యాలరీకి 70 ఏళ్లు నిండుతాయి. ఇటలీ చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి అయిన కట్టడానికి 70 ఏళ్లు దాటి, దాన్ని రూపొందించినవారు బతికి లేకపోతే, వారసత్వ రక్షణ దానంతటదే వర్తిస్తుంది. సాంస్కృతిక విలువ లేదని అధికారులు తేల్చేదాకా దాన్ని కూల్చడానికి వీల్లేదు. అంత హడావుడి అందుకే.

స్టేడియం వయసు వందేళ్లకు దగ్గర పడుతుంటే రెండో అంతస్తుకు మాత్రమే 70 ఏంటి? ఆ లెక్క తెలియాలంటే అసలు శాన్ సీరో ఎలా పెరిగిందో చూడాలి.

టైర్ల కంపెనీ కుటుంబానికి చెందిన పియెరో పిరెల్లీ 1920లలో ఏసీ మిలాన్ అధ్యక్షుడు. నగరం పడమటి అంచున, గుర్రప్పందేల మైదానం పక్కన క్లబ్బుకు సొంత స్టేడియం కట్టించాడు. ఇంజనీరు అల్బెర్తో కుజీనీ, ఆర్కిటెక్టు ఉలిస్సే స్తక్కీనీ. మిలాన్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌ను రూపొందించిన స్తక్కీనీయే ఈయన. నాలుగు వైపులా విడివిడిగా నాలుగు స్టాండ్లు, సుమారు 35 వేల మందికి చోటు. ఆటస్థలం చుట్టూ పరుగుపందేల ట్రాక్ పెట్టలేదు. ఇంగ్లండ్ మైదానాల్లో లాగా ప్రేక్షకుడు గీత పక్కనే ఉండాలన్నది పట్టుదల. ఆ ఒక్క నిర్ణయం వల్లే శాన్ సీరోకు ఇంత పేరొచ్చిందని నా అభిప్రాయం. రోమ్‌లోని ఒలింపికో స్టేడియంలో ట్రాక్‌కు ఆవల కూర్చుని చూసేవాళ్లను అడిగితే తేడా చెబుతారు. 1926 సెప్టెంబర్ 19న ప్రారంభ మ్యాచ్‌లో ఇంటి యజమానికే పరాభవం జరిగింది. ఇంటర్ 6-3తో గెలిచింది.

1935లో నగరపాలక సంస్థ స్టేడియాన్ని కొనేసింది. మూలల్లో ఖాళీలు పూడ్చి, స్టాండ్లను కలిపి సామర్థ్యాన్ని 55 వేలకు పెంచింది. ఆ కొత్త రూపంలో 1939 మే 13న ఇటలీ, ఇంగ్లండ్ తలపడి 2-2తో సరిపెట్టుకున్నాయి. ఇటలీ గోల్స్‌లో ఒకటి సిల్వియో పియోలా చేత్తో కొట్టింది! నెపోలియన్ కాలం నాటి అరెనా అనే మైదానంలో ఆడుతూ వచ్చిన ఇంటర్ 1947లో ఇక్కడికి మారింది. అప్పటినుంచీ రెండు బద్ధశత్రు జట్లు, ఒకే కప్పు కింద, ఒకే యజమానికి అద్దె కడుతూ వచ్చాయి. ఎవరి డ్రెస్సింగ్ రూమ్ వాళ్లది. దక్షిణం వైపు గోల్ వెనక మిలాన్ వీరాభిమానులు, ఉత్తరం వైపు ఇంటర్ వాళ్లు.

ఇప్పుడు గొడవకు కేంద్రమైన ఆ రెండో అంతస్తు 1955 నాటిది. ఆర్కిటెక్టు అర్మాందో రోంకా, ఇంజనీరు ఫెర్రూచ్చో కల్జోలారీ పాత గ్యాలరీని అలాగే ఉంచి, చుట్టూ దానికి విడిగా కాంక్రీటు చట్రం లేపి, పైన మరో వలయం కట్టారు. జనం ఎక్కడానికి మెట్లకు బదులు వాలు దారులు వేశారు. అవి స్టేడియాన్ని బయటినుంచి చుట్టుకుంటూ పైకి పోతాయి. దూరం నుంచి చూస్తే గోడ నిండా ఏటవాలు చారల్లా కనిపించేవి అవే. మ్యాచ్‌కు ముందు ఆ చారల మీద మనుషులు కదులుతూ పైకి పాకుతుంటారు. జనం నడిచే దారే కట్టడానికి ముఖం కావడం ఎంత పొదుపైన ఆలోచనో! సామర్థ్యం దాదాపు 85 వేలకు చేరింది.

1980 మార్చిలో స్టేడియానికి అంతకుముందు ఏడాది చనిపోయిన జుసెప్పే మియాజ్జా పేరు పెట్టారు. 1934, 1938 ప్రపంచకప్పులు గెలిచిన ఇటలీ జట్ల ఆటగాడు. ఎక్కువకాలం ఇంటర్‌కు, రెండేళ్లు మిలాన్‌కు ఆడాడు. అయినా మిలాన్ అభిమానుల నోట పాత పేరే నలుగుతుంది.

1990 ప్రపంచకప్ కోసం మూడో అంతస్తు వచ్చింది. పాత కట్టడం ఆ బరువు మోయలేదు కాబట్టి చుట్టూ 11 కాంక్రీటు స్తూపాలు నిలబెట్టారు. మూలల్లో ఉన్న నాలుగు స్తూపాలు ఎత్తుగా లేచి, పైకప్పును మోసే ఎర్రటి ఉక్కు దూలాలను పట్టుకుంటాయి. ఇవాళ శాన్ సీరో అనగానే కళ్లముందు మెదిలేది ఈ రూపమే. గుర్రప్పందేల మైదానం అడ్డు కావడంతో తూర్పు వైపు మూడో అంతస్తు కట్టలేకపోయారు. ఆ ఏడాది జూన్ 8న ఇక్కడ జరిగిన ప్రపంచకప్ ప్రారంభ మ్యాచ్‌లో కామెరూన్ చివరికి తొమ్మిది మందితో ఆడి అర్జెంటీనాను 1-0తో ఓడించింది.

కప్పు వేశాక గడ్డి చావు మొదలైంది. ఎండ పడదు, గాలి ఆడదు. ఆటగాడు కాలు మోపితే మట్టి పెళ్లలు లేచిపోయేవి. మళ్లీ మళ్లీ గడ్డి పరిచి విసిగిపోయి, చివరికి 2012లో సహజమైన గడ్డిలోనే కృత్రిమ పోగులు కుట్టించారు.

కట్టడం ఎంత గొప్పదైనా అద్దె ఇల్లు అద్దె ఇల్లే. మరో పెద్ద క్లబ్బు యువెంటస్ 2011లో టూరిన్‌లో సొంత స్టేడియం తెరిచాక మిలాన్ క్లబ్బులకు ఆ తేడా బాగా తెలిసొచ్చింది. 2019లో రెండూ కలిసి కొత్తది కడతామని ప్రతిపాదించాయి. 2020లో వారసత్వ శాఖ, ఇన్ని మార్పుల తర్వాత 1926 నాటి రూపం దాదాపు మిగల్లేదు కాబట్టి రక్షించాల్సిన సాంస్కృతిక విలువ లేదంది. మొదటి అంతస్తు సంగతి అలా తేలిపోయింది. 2023లో మాత్రం, రెండో అంతస్తుకు 2025లో రక్షణ వస్తుందని అదే శాఖ గుర్తుచేసింది. దాంతో గందరగోళం. నగరం బయట ఏసీ మిలాన్ శాన్ దొనాతోలో, ఇంటర్ రొజ్జానోలో వేర్వేరు స్థలాలు చూసుకున్నాయి. నగరానికి రెండు క్లబ్బులూ పోయి ఖాళీ స్టేడియం మిగిలే పరిస్థితి. ఆ భయమే అమ్మకానికి దారితీసింది. ఇటలీ, తుర్కియే కలిసి నిర్వహించే 2032 యూరో ఫుట్‌బాల్ పోటీలు మరో ఒత్తిడి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏ అంతస్తు వేసినా శాన్ సీరోను కాలానికి తగ్గట్టు నిలబెట్టడానికే వేశారు. వేసిన ప్రతిసారీ కిందిది మరుగున పడింది. అలా మరుగున పడిందన్న కారణం చూపే మొదటిదానికి రక్షణ లేదన్నారు. రెండోదానికి రక్షణ వచ్చేలోగా యజమానే మారిపోయాడు. చట్టం ఉల్లంఘించలేదు, క్యాలెండర్ చూసి పని కానిచ్చారంతే.

కొత్త స్టేడియం పక్కనే వస్తుంది. నార్మన్ ఫోస్టర్ సంస్థ, మనీకా సంస్థ కలిసి రూపొందిస్తున్నాయి. 71,500 సీట్లు. అది సిద్ధమయ్యేదాకా ఆటలు పాతదాంట్లోనే. ఆ తర్వాత చాలా భాగం కూల్చి, రెండో అంతస్తులో కొంత ముక్క ఉంచాలన్నది ప్రణాళిక. ఇప్పుడున్నవి 75 వేల పైచిలుకు సీట్లు. అంటే తగ్గేవి నాలుగు వేలకు పైనే. సొంతిల్లు కట్టుకుంటూ సీట్లు తగ్గించుకుంటున్నారంటే లెక్క ఒక్కో సీటు మీద వచ్చే రాబడిదని వేరే చెప్పక్కర్లేదు. మూడో అంతస్తులో చవక టికెట్‌తో డెర్బీ, అంటే ఈ రెండు జట్ల మధ్య మ్యాచ్, చూసేవాళ్లకు అందులో చోటెంత అన్నదానికి అమ్మకపు పత్రంలో జవాబు దొరకదు.