కాఫీ గింజకు తిరగలా, బ్లేడా?

నెల్లూరులో కాఫీ పొడి కొట్టు ఎక్కడుందో తెలుసుకోవడానికి బోర్డు వెతకనక్కరలేదు. వేయించిన గింజలు మరలో పడిన వాసన వీధి మలుపు దగ్గరే ఎదురొస్తుంది. కొట్టతను “చికోరీ ఎంత కలపమంటారు?” అని అడిగి, తూచి, చేతికి వెచ్చగా తగిలే పొట్లం కట్టి ఇస్తాడు. ఆ పొట్లం విప్పిన రోజున ఉన్న వాసన పదో రోజుకు ఉండదు. వేయించిన కాఫీ గింజలో ఆవిరయ్యే గుణమున్న పదార్థాలను 800కు పైగా గుర్తించారు. గింజ గింజగా ఉన్నంతకాలం అవి, వేయించేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడుతో పాటు, లోపలి సన్నని అరల్లో చిక్కుకుని ఉంటాయి. పొడి చేయగానే ఆ అరల గోడలు పగిలి, వాసన బయటికి పోవడమూ గాలిలోని ఆక్సిజన్ లోపలికి రావడమూ ఒకేసారి మొదలవుతాయి. ఏ పూటకాపూట ఇంట్లోనే ఆడించుకుంటే బాగుంటుందన్న ఆశ ఇక్కడే పుడుతుంది. తక్కువ ధరలో ఒక ఎలక్ట్రిక్ గ్రైండర్ కొందామని అంగడికి వెళితే, అమ్మేవాళ్ళు వాట్ల గురించి, స్టీలు గురించి, రంగుల గురించి చెబుతారు కానీ అసలు చూడవలసిన సంగతి, అంటే పొడిలోని రేణువులు ఎంత సమానంగా ఉంటాయన్నది, ఎవరూ చెప్పరు.

అది ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక్కో వైపు ఒక మిల్లీమీటరు ఉన్న కాఫీ ముక్కకు బయటి వైశాల్యం 6 చదరపు మిల్లీమీటర్లు. దాన్నే మిల్లీమీటరులో పదో వంతు ఉండే ముక్కలుగా చేస్తే 1,000 ముక్కలై, మొత్తం వైశాల్యం 60 చదరపు మిల్లీమీటర్లకు పెరుగుతుంది. నీరు తాకే చోటు పది రెట్లయింది కనుక, సారం దిగే వేగం కూడా బాగా పెరుగుతుంది. గింజ బరువులో సుమారు 30 శాతం మాత్రమే నీటిలో కరగగలదు. అదంతా కాక, గింజ బరువులో 18 నుంచి 22 శాతం వరకు దిగినప్పుడు రుచి సమంగా ఉంటుందన్నది కాఫీ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. ఒకే ఫిల్టరులో మైదా లాంటి ధూళీ, బొంబాయి రవ్వ లాంటి పలుకులూ కలిసి ఉంటే, ధూళి నుంచి చేదంతా దిగిపోయే వేళకు పలుకుల లోపల సగం సారం అలాగే మిగిలిపోతుంది. అప్పుడు డికాక్షన్ చేదుగానూ పలచగానూ కూడా ఉంటుంది. ఇంట్లో వాళ్ళు పొడి మంచిది కాదంటారు, తప్పు మాత్రం గ్రైండర్‌ది.

మార్కెట్లో దొరికే గ్రైండర్లు రెండు జాతులు. తక్కువ ధరకు దొరికేది బ్లేడు గ్రైండర్; ఇది మిక్సీకి చిన్న చెల్లెలు. రెండోది బర్ గ్రైండర్. ఇది తిరగలికి మనవరాలు. తిరగలి అన్నా, విసుర్రాయి అన్నా, సూత్రం ఒకటే: కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, రెండింటి మధ్య సందు ఎంతో అంతకన్నా లావుపాటి గింజ బయటికి రాలేదు. బర్ గ్రైండర్‌లో రాళ్ళకు బదులు పళ్ళున్న రెండు ఉక్కు లేదా సిరామిక్ చక్రాలు ఉంటాయి, వీటినే బర్లంటారు. కొన్నింటిలో అవి బిళ్ళల్లా, కొన్నింటిలో శంఖువు ఆకారంలో ఉంటాయి. సందును పెంచడానికీ తగ్గించడానికీ బయట ఒక తిప్పుడు చక్రం, దాని మీద నంబర్లు ఉంటాయి. మా చిన్నతనంలో ‘రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొడతాం’ అని వీధిలో అరుస్తూ వచ్చేవారు. బర్ల పళ్ళు కూడా ఏళ్ళ తరబడి వాడితే అరుగుతాయి, కాకపోతే వాటికి కక్కు కొట్టేవారు లేరు, మార్చుకోవలసిందే. అందుకే కొనేముందు విడిగా బర్లు దొరుకుతాయో లేదో అడగడం మంచిది.

బ్లేడు దగ్గర సందు అన్న మాటే లేదు. మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న బ్లేడు నిమిషానికి 20,000 చుట్లు తిరిగితే దాని కొన గంటకు సుమారు 226 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ దారిలో ఏ గింజ పడితే దాన్ని కొడుతుంది. ఒక ముక్కకు పది దెబ్బలు తగిలితే, గోడ పక్కకు జారిన మరో ముక్కకు ఒకటే తగులుతుంది. ఇంకొంచెం సేపు తిప్పితే పలుకులు తగ్గుతాయి కానీ, అప్పటికే నలిగినవి ధూళి అవుతాయి, పొడి వేడెక్కుతుంది, వాసన జారులోనే కొంత పోతుంది.

ఈ తేడాను కళ్ళతో చూడడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక చెంచా పొడిని కిటికీ వెలుతురులో తెల్ల కాగితం మీద పలచగా పరిచి, కాగితాన్ని కొంచెం వాల్చి వేలితో తట్టాలి. బ్లేడు పొడిలో నల్లటి పలుకులు ముందు దొర్లుకుంటూ కాగితం అంచుకు పోతాయి, గోధుమరంగు ధూళి ఉన్నచోటే అంటుకుని ఉంటుంది, మధ్యలో అన్ని సైజుల ముక్కలూ చెల్లాచెదురుగా మిగులుతాయి. బర్ పొడిలోనూ ధూళి ఉంటుంది, ఎందుకంటే వేయించిన గింజ పెళుసుది, పగిలినప్పుడల్లా కొంత నుసి రాలక తప్పదు. అయితే మిగిలినదంతా దాదాపు ఒకే పోలికతో ఇసుకలా కదులుతుంది. చేతికి వచ్చిన ఏ గ్రైండర్‌నైనా, ధర ఎంతైనా, నేను ముందు ఈ కాగితం మీదే పరీక్షిస్తాను.

వాట్ల సంగతి త్వరగా ముగించవచ్చు. వాట్లు మోటారు తీసుకునే కరెంటును చెబుతాయి, పొడి నాణ్యతను కాదు. 150 వాట్ల బర్ గ్రైండర్ ఇచ్చే సమానమైన పొడిని 750 వాట్ల మిక్సీ ఇవ్వలేదు. అంతకన్నా చూడవలసింది వోల్టేజీ. అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకు ఒకసారి సెలవులకు వస్తూ ఒక గ్రైండర్ తెచ్చిపెట్టాడు. పిన్నులు మార్చే చిన్న ప్లగ్గు తగిలించి స్విచ్చు వేశాం. ఎన్నడూ వినని కీచు శబ్దం ఒక్క క్షణం వచ్చింది, ఆ వెనుకే కాలిన వార్నిష్ వాసన వచ్చింది, అంతే. అక్కడి సరఫరా 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు పిన్నుల ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజీని తగ్గించదు. ఇటువంటి చిన్న మోటార్లలో చాలావాటికి కార్బన్ బ్రష్షులూ, అవి రాసుకునే రాగి పట్టీల కమ్యుటేటరూ ఉంటాయి. ఆ పట్టీల మధ్య కరెంటు దూకకుండా మైకా రేకులు పెట్టడం మోటార్ల తయారీలో పాత పద్ధతి. గూడూరు చుట్టుపక్కల గనుల్లో తవ్విన మైకా విదేశాలకు పోయింది ఇలాంటి పనులకే. చవక గ్రైండర్‌ను ఆపకుండా నిమిషాల తరబడి తిప్పితే ముందు దెబ్బతినేవి ఈ బ్రష్షులూ, తీగచుట్ల మీది పూతే కాబట్టి, అట్ట పెట్టె మీద రాసిన సెకన్ల పరిమితిని తేలికగా తీసుకోకూడదు.

పొడి మూతకూ గోడలకూ అతుక్కోవడం మరో ఫిర్యాదు. గింజలు ఒకదానికొకటి రాసుకుని పగిలేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023 డిసెంబరులో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గింజలో మిగిలిన తేమ ఈ విద్యుదావేశాన్ని బాగా ప్రభావితం చేస్తుంది. ఆడించే ముందు గింజల మీద కొద్ది చుక్కల నీళ్ళు చిలకరిస్తే ఆవేశం తగ్గి పొడి ఉండ కట్టకుండా వస్తుంది. ముదురుగా వేయించిన గింజల్లో తేమ తక్కువ కనుక ఈ బాధ ఎక్కువ. అయితే ఆ చిట్కా గింజలకే. చికోరీ ఒక మొక్క వేరు. వేయించిన తరువాత అది గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు వచ్చే రోజుల్లో మన తీరాన మూత సరిగా పెట్టని చికోరీ పొడి ఉదయానికి బంకగా మారడం అందరూ చూసిందే. దాన్ని గ్రైండర్‌లో వేయకుండా, పొడిగానే విడిగా కొని తరువాత కలుపుకోవాలి. ఇంట్లో కలుపుకోవడంలో మరో లాభం, పాళ్ళు మన చేతిలో ఉండడం. అమ్మకానికి వచ్చే కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చట్టానికి చాలు. అంటే మిగిలిన 49 శాతం వేరు పొడే కావచ్చు.

ఇప్పటికే మిక్సీ చిన్న జారు గానీ బ్లేడు గ్రైండర్ గానీ ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు. జారులో సగానికి మించి గింజలు పోయకుండా, రెండు మూడు సెకన్ల చొప్పున తిప్పి ఆపుతూ, ప్రతిసారీ జారును కుదిపి, చివర జల్లెడ పట్టి పలుకులను మళ్ళీ వేస్తే పొడి ఎంతో మెరుగుపడుతుంది. గింజలను చల్లబరిచి ఆడిస్తే రేణువులు మరింత సన్నగా, సమానంగా వస్తాయని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలింది. కాబట్టి మే నెలలో గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టిన గింజలను తీసిన వెంటనే, తేమ పట్టకముందే, ఆడించడం తెలివైన పని. చేపల పులుసుకు మెంతులు, ధనియాలు కొట్టే జారునే కాఫీకి వాడడం మాత్రం పనికిరాదు. కాఫీ నూనెలు ఏ వాసననైనా పట్టుకుంటాయి, ఎన్నిసార్లు కడిగినా మెంతి ఘాటు మొదటి గుక్కలో తగులుతుంది. శుభ్రం చేయడానికి పచ్చి బియ్యం తిప్పే అలవాటు బ్లేడు జారుకు సరే. బియ్యం వేయించిన కాఫీ గింజ కంటే గట్టిది కాబట్టి బర్లకు అది వద్దు.

కొత్తగా కొనేవారికి నా మాట ఇది: చేతిలో డబ్బు కొంచెం ఎక్కువున్నా లేకపోయినా ఒత్తిడితో నీటిని తోసి తీసే ఎస్ప్రెస్సో కాఫీ కోసం చేసిన ఖరీదైన గ్రైండర్ మనకు అవసరం లేదు, ఎందుకంటే మన ఫిల్టరులో నీటిని తోసే ఒత్తిడి లేదు, దాని బరువుతోనే అది దిగుతుంది. మామూలు బర్ గ్రైండర్ చాలు. నంబర్లు ఎన్ని ఉన్నాయని కాక, సన్నటి వైపున పొడి తగినంత మెత్తగా వస్తోందా, లోపలి బర్ చేత్తో పట్టుకుంటే ఊగుతోందా అన్నది చూడాలి. బర్ ఊగితే మధ్య సందు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అవుతుంది. వారానికోసారి కొట్టుకు పోయి నూరు గ్రాములు ఆడించుకునే వీలున్నవారికైతే ఏ గ్రైండరూ కొనమని చెప్పను.

కొన్నాక మొదటి వారం గడియారం దగ్గర పెట్టుకోవాలి. మధ్య నంబరుతో మొదలుపెట్టి, ఫిల్టరులో ఎప్పటిలాగే పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి చూడాలి. అయిదు నిమిషాల్లోనే డికాక్షన్ అంతా దిగి ఎర్రగా పలచగా ఉంటే ఒక నంబరు సన్నానికి, గంట దాటినా ఫిల్టరు పట్టేసి చుక్క రాలకపోతే ఒక నంబరు లావుకు తిప్పాలి. మా ఇంట్లో పదిహేను, ఇరవై నిమిషాల్లో దిగే చోట ఆగి, ఆ నంబరును పెన్నుతో గ్రైండర్ అడుగున రాసుకున్నాం. పనిమనిషి తుడిచేటప్పుడు నంబర్ల చక్రం తిరిగిపోవడం మామూలే.