సైన్స్ ఫిక్షన్ సీక్వెల్ అంటే అంతా కంప్యూటరేనా?

సినిమాలకు మినియేచర్లు, మాస్కులు చేసే పని నాది. ఇల్లు హన్మకొండల. ఇక్కడ షార్ట్ ఫిల్మ్‌లు తీసే పిల్లలు రాంగనే అనే మాట ఒకటే: "అన్నా, సైన్స్ ఫిక్షన్ మనతోని కాదు. పెద్ద పెద్ద కంప్యూటర్లు కావాలె." ఆ మాటకు మనసు కలుక్కుమంటది. అందుకే ఇది రాస్తున్న.

అపోహ: 'టెర్మినేటర్ 2'ల కరిగే లోహపు మనిషి మొత్తం కంప్యూటర్ బొమ్మే.

వాస్తవం: 1991ల వచ్చిన ఆ సినిమా రెండు గంటలు దాటుతది. అందుల ఆ మనిషి కోసం చేసిన గ్రాఫిక్స్ అంతా కలిపినా దాదాపు 5 నిమిషాలే. తూటా తగలంగనే ఛాతీ మీద వెండి పువ్వు లెక్క విచ్చుకునే గాయాలు మేకప్, బొమ్మల నిపుణుడు స్టాన్ విన్‌స్టన్ బృందం చేత్తోని చేసినవి. మెరుపు పూత పెట్టిన ఫోమ్ రబ్బరును చొక్కా కింద మడిచిపెట్టి, సమయం చూసి దూరం నుంచి విడిచేటోళ్లు. ఆసుపత్రి గార్డు ముందు అతని రూపమే వచ్చి నిలబడే సీన్‌ల గ్రాఫిక్స్ కన్నా ముందు పనికొచ్చింది కవల నటులు!

నాకు ప్రాణమైన సీన్ థియేటర్ ప్రింట్‌ల లేదు, తర్వాత వచ్చిన స్పెషల్ ఎడిషన్‌ల ఉంది. అద్దం ముందు హీరో రోబో (ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్) తల తెరిచి చిప్ తీస్తరు. నిజానికి అక్కడ అద్దమే లేదు, గోడకు కంత ఉంది. ఇవతల హీరోయిన్ లిండా హామిల్టన్ కవల సోదరి బొమ్మ తల మీద పనిచేస్తుంటే, అవతల లిండా అసలు నటుడి తల మీద అవే కదలికలు చేసింది. ఇద్దరి చేతులూ ఒక్క తాళంల నడవాలె. ఎంత రిహార్సల్ చేసి ఉంటరో!

అపోహ: సీక్వెల్‌కు సెట్లు, మనుషులు తయారుగ ఉంటరు, సగం పని అయినట్టే.

వాస్తవం: 'బ్యాక్ టు ది ఫ్యూచర్' రెండో భాగంల జెన్నిఫర్ పాత్రకు నటి మారింది. దాంతోని మొదటి భాగం చివరి సీన్‌నే కొత్త నటితో మళ్లీ తీయాల్సొచ్చింది.

అపోహ: గుంపులు గుంపులుగ జీవులు కావాలంటే వందల సూట్లు కావాలె.

వాస్తవం: 1986 నాటి 'ఏలియన్స్'ల వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సూట్లే. వెలుతురు, ఎడిటింగ్ మిగతాది చూసుకున్నయ్. అంతరిక్ష నౌకల మనుషులు పడుకునే పెట్టెలను అద్దంతోని రెట్టింపు చేసిన్రు. ఫ్యాక్టరీ సీన్లు లండన్‌ల మూతబడ్డ పవర్ స్టేషన్‌ల తీసిన్రు. రామగుండం చిమ్నీలు కనపడ్డప్పుడల్లా నాకు అదే గుర్తొస్తది.

ఇసోంటి జీవుల ముఖాలకు సరుకు మన చేర్యాలల ఉంది. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి అక్కడి కళాకారులు చేసే మాస్కు ఎండితే గట్టిగైతది, నున్నగ రుద్దుకోవచ్చు, రంగు మంచిగ పడుతది.

మొన్న ఒక పిల్లగాడు బీరువా అద్దం ఊడదీసి పట్టుకొచ్చిండు. మూడు థర్మాకోల్ పెట్టెల పక్కన ఏటవాలుగ నిలబెట్టినం, కెమెరా అద్దంల పడొద్దని. ఫ్రేమ్‌ల ఆరు పెట్టెలు కనబడ్డయ్. కానీ పెట్టెల మీది అంకెలు తిరగబడి ఉన్నయ్. అంకెల మీద తెల్ల రంగు వేసి, ఆరినంక మళ్లీ తీసినం.