కణితి ఏం తింటోంది? మెదడు క్యాన్సర్ జీవక్రియా చిత్రాల నేపథ్యం

గ్లయోబ్లాస్టోమా అనే ఉగ్రమైన మెదడు కణితికి ఆపరేషన్, రేడియేషన్ ముగిసిన కొన్ని నెలలకు తీసే ఎమ్మారైలో, కణితిని తొలగించిన గుంట అంచున ఒక్కోసారి తెల్లటి మచ్చ తేలుతుంది. అది తిరగబెట్టిన కణితి కావచ్చు, రేడియేషన్‌కు దెబ్బతిన్న కణజాలమూ కావచ్చు. ఎమ్మారై కోసం రక్తంలోకి ఎక్కించే గడోలినియం మందు మెదడు రక్తనాళాలు ఎక్కడ కారుతున్నాయో చూపుతుందే తప్ప, అక్కడి కణాలు ఏం చేస్తున్నాయో చెప్పదు. మళ్లీ పుర్రె తెరవాలా, ఆగి చూడాలా అన్నది ఆ మచ్చ మీదే ఆధారపడిన కుటుంబానికి ఇది చిన్న లోటు కాదు.

కణితి తిండి గురించిన ఆలోచన పాతదే. 1920లలో బెర్లిన్‌లో ఓటో వార్‌బర్గ్ కణితుల పలుచని ముక్కలను పరీక్షించి, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా అవి గ్లూకోజ్‌లో చాలా భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తున్నాయని గమనించారు. కణశ్వాస చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలమని ఆయన నమ్మారు. పరిశీలన నిలిచింది, ఆ వివరణ నిలవలేదు.

గ్లూకోజ్‌ను పోలిన అణువుకు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 చేరిస్తే, కణం దాన్ని లోపలికి తీసుకుని, ఫాస్ఫేట్ తగిలించి, ఆ తర్వాత అరిగించుకోలేక తనలోనే ఉంచుకుంటుంది. ఎఫ్‌డీజీ అనే ఆ అణువు పనిచేసేది ఇలాగే, దాని రేడియోధార్మికతను పట్టి చిత్రం గీసేది పెట్ స్కాన్. 1976 ఆగస్టులో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారైన ఎఫ్‌డీజీని విమానంలో ఫిలడెల్ఫియాకు చేర్చి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలిసారి మనుషులకు ఇచ్చారు. దాని అర్ధాయువు సుమారు 110 నిమిషాలే కాబట్టి దారిలో ప్రతి నిమిషమూ లెక్కే. 1982లో జియోవానీ డి కీరో బృందం, గ్లయోబ్లాస్టోమా కూడా చేరే గ్లయోమా అనే మెదడు కణితుల కుటుంబంలో, కణితి ఎంత ఉగ్రమైనదైతే గ్లూకోజ్ వాడకం అంత ఎక్కువని చూపింది.

చిక్కల్లా మెదడుతోనే వచ్చింది. శరీర బరువులో 2 శాతమే ఉన్నా, విశ్రాంతిలో శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం దానిదే, అదీ ప్రధానంగా గ్లూకోజ్ నుంచే. అందుకే ఎఫ్‌డీజీ చిత్రంలో ఆరోగ్యంగా ఉన్న మెదడు పైపొర కూడా నిప్పు రాజుకున్నట్టు వెలుగుతుంది, కణితి ఆ వెలుగులో దాగిపోతుంది. దాంతో పరిశోధకులు అమైనో ఆమ్లాల వైపు మళ్లారు, ఎందుకంటే మామూలు మెదడు వాటిని తక్కువగా, కణితి ఎక్కువగా తీసుకుంటుంది. కార్బన్-11 మిథియోనిన్ మంచి చిత్రాలిచ్చినా 20 నిమిషాల్లో సగమైపోతుంది కనుక ఆస్పత్రిలోనే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఉండాలి. ఫ్లోరిన్-18తో చేసిన ఎఫ్ఈటీ అనే అమైనో ఆమ్లం ఆ ఇబ్బందిని తీర్చింది, 2016లో న్యూరో ఆంకాలజీ నిపుణుల అంతర్జాతీయ బృందం అమైనో ఆమ్ల పెట్‌ను గ్లయోమాలకు సిఫారసు చేసింది.

ఎమ్మారై యంత్రంతోనే రసాయనాలను కొలిచే స్పెక్ట్రోస్కోపీ మరో దారి. అందులో ఒక్కో రసాయనం గ్రాఫ్‌లో ఒక్కో శిఖరంగా కనిపిస్తుంది. కణపొరల తయారీతో ముడిపడిన కోలిన్ పెరిగిందా అని తరచూ క్రియాటిన్ శిఖరంతో పోల్చి చూస్తారు. ఆ శిఖరంలో కలిసి ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి వెల్లడించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను.

2008లో కొన్ని గ్లయోమాలలో ఐడీహెచ్1 జన్యువు మారిందని తేలింది. ఆ జన్యువు నుంచి తయారయ్యే మారిన ఎంజైమ్ 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే రసాయనాన్ని పోగుచేస్తుందని మరుసటి ఏడాది, దాన్ని కత్తి పెట్టకుండానే స్పెక్ట్రోస్కోపీతో పట్టవచ్చని 2012లో వెల్లడైంది. ఇంత స్పష్టమైన గుర్తు కణితి జీవక్రియలో అరుదు. అయితే 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం పెద్దలలో ఆ మార్పు ఉన్న కణితిని గ్లయోబ్లాస్టోమా అనరు, అంటే అన్నిటికన్నా ఉగ్రమైన దానికే ఈ ఆనవాలు లేదు.

ఈలోగా డాలస్ పరిశోధకులు ఆపరేషన్ సమయంలో రోగులకు రేడియోధార్మికత లేని కార్బన్-13తో గుర్తుపెట్టిన గ్లూకోజ్ ఎక్కించి, తీసిన కణితిని పరీక్షించారు. గ్లూకోజ్ మైటోకాండ్రియాలో దహనమవుతూనే ఉంది. కణితి ఎసిటేట్ అనే మరో పదార్థాన్నీ ఇంధనంగా వాడుతోందని 2014లో చెప్పారు. చక్కెర ఆపితే కణితి మాడిపోతుందని రోగులకు సలహా ఇచ్చేవారు ఈ ఫలితాన్ని తప్పక చూడాలి.

2018లో యేల్ బృందం రేడియోధార్మికత లేని డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిపిన గ్లూకోజ్‌ను తాగించి, అది కణితిలో లాక్టేట్ వైపు ఎంత, దహనం వైపు ఎంత వెళ్తోందో ఎమ్మారై యంత్రంలోనే చిత్రించింది. ఆ చిత్రాల గడులు ఇంకా ముతకగానే ఉన్నాయి, గుంట అంచున తేలే సన్నని మచ్చను అవి విడిగా చూపాలంటే మరింత సూక్ష్మం కావాలి.