కంటి మీద పిడికిలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పక్కింటి ఆరేళ్ల పిల్లాడికి పుట్టుకతోనే చూపు లేదు. అరుగు మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు. ఊగడం ఆపితే రెండు పిడికిళ్లతో కళ్లు నొక్కుకుంటాడు. "చెయ్యి తియ్యరా!" అని వాళ్ల నాయనమ్మ పొద్దస్తమానం అరుస్తుంది. గాలి సోకిందని ఒకరంటారు, బుద్ధి ఎదగలేదని ఇంకొకరు. రెండూ తప్పే.

మూసిన రెప్ప మీద మెల్లగా వేలు ఆనించి చూడండి, చీకట్లో వెలుగు మచ్చలు కనిపిస్తాయి. కంటి లోపల వెలుగుని పట్టే పొర, అంటే రెటీనా మీద ఒత్తిడి పడినా మెదడుకి అందేది వెలుగు కబురే. అందుకే రెటీనా జబ్బులున్న పిల్లల్లో ఈ నొక్కుడు ఎక్కువ, ఆ కబురు మోసే కంటినరం దెబ్బతిన్నవాళ్లలో అరుదు. లెబర్ కంజెనిటల్ అమరోసిస్ అనే పుట్టు జబ్బుకి ఇదొక గుర్తు కూడా. ఆ జబ్బు చాలావరకు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. మేనరికాల్లో ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. మన ఇళ్లలో ఈ మాట ఎత్తితే గొడవే, అయినా చెప్పాలి.

అలాగని నొక్కనివ్వకూడదు. ఏళ్ల తరబడి నొక్కితే కన్ను గుంటపడుతుంది, కంటి ముందరి పారదర్శక పొర కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొస్తుంది.

ఇక ఊగడం. చూపున్న పసివాడు అల్లంత దూరాన బొమ్మ కనబడితే పాకుతాడు. కనబడనివాడిని కదలమని పిలిచేదేదీ? పడిపోతాడని మనమూ కూర్చోబెట్టేస్తాం. ఒళ్లు కదలిక అడుగుతుంది, కూర్చున్నచోటే ఊగి తీర్చుకుంటాడు. తిడితే బెంగపడి ఇంకా ఊగుతాడు. ఉయ్యాల కట్టండి, వేలు పట్టుకుని కిరాణా కొట్టు దాకా నడిపించండి.

బడి సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న 6–18 ఏళ్ల పిల్లలకి దగ్గరి బడిలోగానీ ప్రత్యేక బడిలోగానీ ఉచిత చదువు హక్కు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయితే ఎలా అని వాళ్లమ్మ దిగులు. వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీ. మన దేశ భాషల కోసం 1951లో ఖరారైన భారతి బ్రెయిలీలో మన 'క'కీ ఒడియా 'క'కీ అవే 1, 3 చుక్కలు, 'మ'కీ రెండు భాషల్లో ఒకే గుర్తు. చూపున్న మా పిల్లలు రెండు లిపులు దిద్దాలి, వీడికి అక్షరాలు చాలావరకు ఒకటే. పైగా చుక్కలు తడుముతున్న వేళ్లు కళ్ల మీదికి పోవు.

అది చెప్పాక నాయనమ్మ నిన్న వాడి ముందు చేట పెట్టింది. చిక్కుడుకాయలు తడిమి గింజలొలుస్తూ అరగంట కూర్చున్నాడు. అయిపోగానే, "ఇంకా ఉన్నాయా మామ్మా?" అన్నాడు.